నాలుగు గళ్ళ కాగితం

2003 జూలై మొదటి వారంలో నన్ను సెంట్రల్ లాబొరేటరీ నుంచి తలసీమియా యూనిట్‌కి మార్చారు. తూర్పు ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగం కింద ఉండేది ఆ యూనిట్. నా హోదా సీనియర్ టెక్నీషియన్. ఆర్డరులో ‘పరిపాలనా సౌలభ్యం కోసం’ అని రాశారు. అసలు సంగతి వేరు. అంతకు ముందు నెలలో ఒక లెక్చరరు గారు స్లైడు మీద ఉన్న మలేరియా క్రిమిని ప్లేట్‌లెట్ అని విద్యార్థులకు చూపిస్తుంటే, కాదండీ, ఇంకొక్కసారి చూడండి అన్నాను. ఆయన చూశారు. నేనన్నదే నిజమని ఆయనకీ తెలిసింది, వెనక నిలబడ్డ పిల్లలకీ తెలిసింది. మూడు వారాల్లో బదిలీ ఆర్డరు వచ్చింది. ఆ రోజు ఆయన కట్టుకున్న టై రంగు కూడా నాకు గుర్తే. మరిచిపోవడం నాకు చేతకాదు.

నా చదువు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తరవాత ఎవరో ఒకరు అడగక మానరు. రేపల్లె దగ్గర పల్లెలో పదో తరగతి. 1970లో ఢిల్లీ వచ్చి ఇదే ఆసుపత్రిలో ల్యాబ్ అటెండెంటుగా చేరాను. అటెండెంటు అంటే గాజు గొట్టాలు కడిగి ఆరబెట్టి, బల్లల మీద రక్తం మరకలు తుడిచేవాడు. ఆ పైన అసిస్టెంటు, ఆ పైన టెక్నీషియన్, ఆ పైన సీనియర్. ఒక్కో మెట్టుకీ ఏళ్ళు పట్టాయి. డిపార్టుమెంటు పరీక్షలు రాసి గట్టెక్కాను. ఆదివారాలు దర్యాగంజ్ ఫుట్‌పాత్ మీద మెడికల్ విద్యార్థులు అమ్మేసుకున్న పాత పుస్తకాలు కొనుక్కుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివేవాణ్ణి. బఠాణీ మొక్కల మీద ప్రయోగాలు చేసిన ఆ విదేశీ సన్యాసి సంగతి అలాగే తెలిసింది. పొడుగు మొక్కనీ పొట్టి మొక్కనీ కలిపితే మొదటి తరంలో అన్నీ పొడుగువే మొలిచాయట. పొట్టితనం పోయిందనుకుంటే రెండో తరంలో మళ్ళీ బయటపడిందట. కనబడనంత మాత్రాన లేనట్టు కాదన్నమాట. తలసీమియా మొత్తం ఆ ఒక్క ముక్కలోనే ఉంది.

రక్తంలో ఎర్రదనాన్నిచ్చే హిమోగ్లోబిన్ ఎలా తయారు కావాలో చెప్పే ఆజ్ఞ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. రెంటిలో ఒకటి చెడ్డదైనా రెండోది పని నడిపిస్తుంది. అలాంటి మనిషికి రోగమేమీ ఉండదు. కాస్త రక్తం తక్కువని ఏ డాక్టరో టానిక్కు రాస్తాడు, అంతే. వాళ్ళని మేము మైనర్ అనేవాళ్ళం. ఇద్దరు మైనర్లు పెళ్ళి చేసుకుంటే, బిడ్డకి ఇద్దరి దగ్గరా ఉన్న చెడ్డ ప్రతులే వచ్చి పడవచ్చు. అప్పుడా బిడ్డ మేజర్. ఆరేడు నెలల వయసులో పాలిపోవడం మొదలవుతుంది. అక్కణ్ణించి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలోనూ కాలేయంలోనూ పేరుకోకుండా రోజూ మందివ్వాలి. బతికినన్నాళ్ళూ ఇంతే.

తల్లిదండ్రుల్ని పరీక్షించే పద్ధతి రెండంచెలు. ముందు బాగా పలచన చేసిన ఉప్పునీటి గొట్టంలో ఒక చుక్క రక్తం వేసి అరగంట ఆగుతాం. గొట్టం వెనక నల్లగీత గీసిన తెల్ల అట్ట పెట్టి చూస్తాం. మామూలు మనిషి కణాలు ఆ పలచటి నీళ్ళలో పగిలిపోతాయి, నీరు తేటపడి గీత కనిపిస్తుంది. మైనర్ కణాలు చిన్నవి, మొండివి. సులువుగా పగలవు. నీరు మడ్డిగా ఉండి గీత కనబడదు. అలాంటి శాంపిల్‌ని మెషీన్‌లో పెడితే అది హిమోగ్లోబిన్ రకాలని విడదీసి, కాగితం మీద ఒక్కో రకానికీ ఒక్కో శిఖరం గీసి ఇస్తుంది. ఆ కాగితం డాక్టరు సంతకానికి వెళ్తుంది. అక్కడితో టెక్నీషియన్ పని సరి. టెక్నీషియన్ శాంపిల్‌తో మాట్లాడాలి గాని పేషెంటుతో మాట్లాడకూడదన్నది మా నియమం.

మరి పేషెంటుతో ఎవరు మాట్లాడాలి? దానికి కౌన్సెలర్ అని ఒక పోస్టు ఉండేది. మంజూరైంది, కుర్చీ కూడా వచ్చింది. మనిషి మాత్రం రాలేదు. నేనున్న అయిదేళ్ళలోనూ ఆ కుర్చీలో కూర్చున్నవి రక్తం సంచుల ఖాళీ డబ్బాలు. ఆ కుర్చీ వెనక గోడ మీద ఒక రంగుల పోస్టరు. పైన నవ్వుతూ అమ్మా నాన్నా, కింద చేతులు పట్టుకుని వరసగా నలుగురు పిల్లలు. ఒకరు పూర్తిగా ఎరుపు, అంటే మేజర్. ఇద్దరు సగం ఎరుపు, ఒకరు తెలుపు. పుస్తకం ప్రకారం చూస్తే అందులో తప్పు లేదు.

ఇక సువార్త కుటుంబం. సువార్త లక్ష్మీ నగర్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సు. మా వైపు పిల్లే. భర్త రత్నరాజు నోయిడాలో ఒక కంపెనీ స్టోర్సులో పనిచేసేవాడు. రత్నరాజు తల్లి కాంతమ్మ గారు సువార్త తండ్రికి స్వయానా చెల్లెలు. అంటే మేనరికం. వాళ్ళ మొదటి బిడ్డ గ్రేసీ. నేను యూనిట్‌కి వచ్చేసరికే ఆ పాప మేజరని తేలి, మూడు వారాలకోసారి రక్తానికి వచ్చేది. ఇంట్లో తెలుగు అర్థమయ్యేది గాని నోరు తెరిస్తే హిందీయే. సూది గుచ్చడానికి నేను చెయ్యి పట్టుకోగానే, “అంకుల్, కల్ వాలా హాథ్ నహీ, దూస్‌రా” అనేది. మూడు వారాల కిందటిది కూడా ఆ పిల్లకి నిన్నటిలాగే ఉండేది. ఆ చెయ్యి వద్దు, ఇంకో చెయ్యి అని. రెండు చేతులే కదా ఉన్నది పాపం, వాటినే వంతులేసుకునేది.

2004 నవంబరులో సువార్తకి రెండో నెల. ఆ సంగతి చెప్పడానికి భార్యాభర్తలూ కాంతమ్మ గారూ ముగ్గురూ గ్రేసీని తీసుకుని సీనియర్ రెసిడెంట్ దగ్గరికి వెళ్ళారు. సీనియర్ రెసిడెంట్ అంటే పై చదువు పూర్తి చేసుకుని మూడేళ్ళ కాంట్రాక్టు మీద ఓపీడీ నడిపే డాక్టరు. కుర్రాడే, పనిమంతుడే, గది బయట మాత్రం ఎప్పుడూ యాభై మంది. పెళ్ళికి ముందు మీరిద్దరూ చుట్టాలా అని అడిగాడు. సువార్త హిందీలో, నా మేనత్త కొడుకే అంది.

“బువా కా బేటా? మతలబ్ భాయీ! భాయీ సే షాదీ! అరే సిస్టర్, ఆప్ తో నర్స్ హో!” అన్నాడు. అన్నతో పెళ్ళా, నువ్వు నర్సువి కదా అని. గదిలో శిక్షణకి ఉన్న కుర్ర డాక్టర్లు, ఇంటర్నీలు, నవ్వారు. ఆ నవ్వు నా కిటికీ దాకా వినిపించింది. పంజాబు, యూపీ వాళ్ళకి మేనత్త కొడుకంటే తమ్ముడో అన్నో. మనకి బావ. డాక్టరుకి ఆ సంగతి తెలియదు, కాంతమ్మ గారికి భాయీ అంటే ఏమిటో తెలుసు. ఆవిడ లేచి బయటికి వచ్చేసింది. ఆవిడ వెనకే కొడుకూ వచ్చేశాడు. సువార్త చీటీ పట్టుకుని ఒక్క నిమిషం తరవాత వచ్చింది. పదకొండో వారంలో కడుపులోని మాయ నుంచి చిన్న ముక్క తీసి, బిడ్డ మేజరో కాదో చూసే పరీక్ష ఒకటుంది. అది మా దగ్గర లేదు, ఇంకో పెద్దాసుపత్రిలో చేస్తారు. ఆ చీటీలో దాని పేరూ, ఎక్కడికి వెళ్ళాలో అదీ గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. వాళ్ళకి అందిన సలహా మొత్తం ఆ రెండు వరసలే.

తెలుగువాణ్ణి కనక నా కిటికీ దగ్గరికి వచ్చారు.

“వాడి నోట్లో మన్ను పడ! బావని పట్టుకుని అన్నంటాడేంటి అన్నయ్య గారూ? మా ఇంట్లో మూడు తరాలుగా ఇచ్చిపుచ్చుకుంటున్నాం. చర్చిలో పెళ్ళి చేశాం, దొంగతనంగా చెయ్యలేదు” అంది కాంతమ్మ గారు.

“ఊరుకో అమ్మా, అందరూ చూస్తున్నారు” అన్నాడు రత్నరాజు.

“చూడనీ. సిగ్గుపడే పని నేనేం చేశాను?”

నాకూ ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ డాక్టరు చెప్పింది సగమే నిజం. ఒకే తాత మనవలు కనక ఆ తాత దగ్గరున్న చెడ్డ ప్రతి ఇద్దరికీ చేరే అవకాశం ఎక్కువ, అది నిజం. కాని రక్తం ఎక్కించే గదిలో ఆ రోజు మంచాల మీదున్న పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులకి పెళ్ళికి ముందు ముఖ పరిచయం కూడా లేదు. వాళ్ళ గోత్రం చూసుకున్నారు, జాతకం చూసుకున్నారు, రక్తం చూసుకోలేదు. వాళ్ళని చూసి ఎవరూ నవ్వలేదు.

అంచేత నియమాన్ని పక్కనపెట్టి లోపలికి రమ్మన్నాను. డబ్బాలు దించి కాంతమ్మ గారిని కౌన్సెలర్ కుర్చీలో కూర్చోబెట్టాను. వాడేసిన ఒక ఫారం వెనక్కి తిప్పి గళ్ళు గీశాను. పైన రత్నరాజు దగ్గరున్న రెండు ప్రతులు, ఒక మంచి, ఒక చెడ్డ. పక్కన సువార్త దగ్గరున్న రెండూ. మధ్యలో నాలుగు గళ్ళు. అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి వచ్చి ఒక్కో గడిలో కలుస్తాయి. రెండు మంచివీ కలిసిన గడి తెల్లగా వదిలేశాను. ఒక మంచి ఒక చెడ్డ ఉన్న రెండు గళ్ళకీ అడ్డగీతలు పెట్టాను. రెండు చెడ్డవీ కలిసిన గడిని పెన్నుతో నలుపు చేశాను. నలుగురిలో ఒకరికి రావచ్చమ్మా అన్నాను. పరీక్ష తప్పకుండా చేయించుకోండి అని కూడా అన్నాను, అది బాగా గుర్తుంది.

కాంతమ్మ గారు కళ్ళజోడు సర్దుకుని ఆ నల్ల గడి మీద వేలు పెట్టి, “ఇదేనా మన గ్రేసీ?” అని అడిగింది.

“అవునమ్మా, అదే గ్రేసీ” అన్నాను.

ఇంతలో లోపల మెషీన్ అరిచింది. నేను వెళ్ళిపోయాను. వెళ్తూ, చాలా బాగా చెప్పాననుకున్నాను. ఎండీ చదివినవాడు చెప్పలేనిది పదో తరగతి వాడు అమ్మభాషలో ఆరు నిమిషాల్లో చెప్పాడని గర్వపడ్డాను. సువార్త ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకోవడం చూశాను. దాచుకుంటోందంటే అర్థమైందనే కదా అనుకున్నాను.

తరవాత కూడా గ్రేసీ వస్తూనే ఉంది. జనవరిలో ఒకసారి సువార్త కిటికీ దగ్గర నిలబడి ఉంటే, టెస్టు సంగతి ఏమైందమ్మా అని అడిగాను. “అంతా బాగానే ఉందంకుల్” అని నవ్వింది. ఏం బాగుంది, ఎవరు చెప్పారు, రిపోర్టు ఏదీ అని నేనడగలేదు. శాంపిల్ మీద నంబరు రెండుసార్లు సరిచూసుకునే మనిషిని, ఆ మాటని మాత్రం సరిచూడలేదు.

2005 జూన్‌లో మగబిడ్డ పుట్టాడు. శామ్యూల్. రత్నరాజు స్వీట్ల డబ్బా తెచ్చి యూనిట్‌లో అందరికీ పంచాడు. తమని ఎగతాళి చేసిన డాక్టరుకి కూడా ఇచ్చాడు. ఆయన “ముబారక్ హో” అని రెండు తీసుకున్నాడు.

2006 జనవరి చివర్లో ఒక సోమవారం పొద్దున శాంపిల్స్ విప్పుతుంటే ఊదారంగు మూత గొట్టం మీద శామ్యూల్, ఏడు నెలలు అని కనిపించింది. తండ్రి పేరు చూశాను. అదే పేరున్న వాళ్ళు చాలామంది ఉంటారు కదా అనుకున్నాను. చిరునామా లక్ష్మీ నగర్. గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూస్తే, మూతని బట్టి అది రక్తం అనుకోవాలి గాని రంగు చూసి కాదు.

మెషీన్‌లో పెట్టాను. కాగితం వచ్చింది. పుట్టిన కొత్తలో ఉండి, ఆరు నెలలకి తగ్గిపోవలసిన హిమోగ్లోబిన్ రకం శిఖరం కాగితం నిండా నిలబడి ఉంది. పెద్దవాళ్ళకి ఉండవలసిన రకం దగ్గర చదునుగా గీత. మెషీన్‌ని నమ్మబుద్ధి కాలేదు. తెలిసిన శాంపిల్ పెట్టి చూశాను, సరిగ్గానే ఉంది. శామ్యూల్ రక్తం మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. మూడోసారి పెట్టబోతే జూనియర్ టెక్నీషియన్ అమ్మాయి, “సర్, అబ్ ఔర్ కిత్‌నీ బార్?” అంది మెల్లగా, ఇంకా ఎన్నిసార్లు అని. ఆపేశాను. కాగితాలు డాక్టరుకి పంపాను.

ఆయన వాళ్ళకి ఏం చెప్పాడో నాకు తెలియదు. పదకొండున్నరకి ముగ్గురూ నా కిటికీ దగ్గర ఉన్నారు. బిడ్డ కాంతమ్మ గారి భుజాన నిద్రపోతున్నాడు. లోపలికి రమ్మన్నాను. పరీక్ష ఎక్కడ చేయించారు, రిపోర్టు తప్పిచ్చారా అని గట్టిగానే అడిగాను. ఆ పెద్దాసుపత్రి వాళ్ళని పట్టుకుని దులిపేద్దామని అప్పటికే మనసులో సిద్ధమైపోయాను.

“చేయించలేదంకుల్” అంది సువార్త.

గ్రేసీ రిపోర్టులు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నా కాగితం బయటికి తీసింది. మడతల దగ్గర చిరుగుతుంటే వెనక ప్లాస్టరు అంటించి ఉంది. నల్ల గడి పక్కన నీలం సిరాతో గ్రేసీ అని రాసి ఉంది. దాని పక్క గడిలో ‘శామ్యూల్, లేకపోతే షారోన్’ అని. పుట్టకముందు రాసుకున్నది. మిగతా రెండు గళ్ళూ ఖాళీ.

“ఆ టెస్టులో ఒక్కోసారి కడుపు పోతుందని మా నర్సింగ్ హోమ్ మేడమ్ చెప్పారు. నల్లది గ్రేసీకి వచ్చేసింది కదా, ఇక మంచి బిడ్డే కదా ఉన్నది, తెలిసి తెలిసి మంచి బిడ్డని ఎందుకు పోగొట్టుకోవాలనుకున్నాం.”

“నువ్వు నర్సువి కదమ్మా” అన్నాను. అనకూడని మాట. పదిహేను నెలల కింద ఆ డాక్టరన్నదీ అదే మాట.

“నర్సింగులో ఇదొక పేజీ అంకుల్. పరీక్షలో నాలుగు గళ్ళు గీస్తే అయిదు మార్కులు వేసేవారు. నాకు అయిదూ వచ్చాయి.”

రత్నరాజు గోడ మీది పోస్టరు వంక చూస్తున్నాడు. కాంతమ్మ గారు బిడ్డని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని అడిగింది: “పోనీ అన్నయ్య గారూ, దేవుడు ఇద్దరికి పెట్టేశాడు. ఇక మూడోవాడికీ నాలుగోవాడికీ ఉండదు కదా?”

అప్పుడు చెప్పాను. ఈ గళ్ళు పిల్లలు కావమ్మా అని. ఇది నలుగురు పిల్లల బొమ్మ కాదు, ఒక్క కాన్పులో జరగగల నాలుగు సంగతులు. ముందు పుట్టిన బిడ్డకి ఏది వచ్చిందో తరవాతి బిడ్డకి తెలియదు. ప్రతి కాన్పుకీ ఈ నాలుగు గళ్ళూ మళ్ళీ మొదటి నుంచే. నలుగురికీ రావచ్చు, నలుగురికీ రాకపోవచ్చు.

“ఈ మాట ఆనాడు చెప్పలేదు” అంది కాంతమ్మ గారు.

“చెప్పారేమో అత్తయ్యా. మనం వినలేదేమో” అంది సువార్త.

“చెప్పలేదు. నేను పక్కనే కూర్చున్నాను.”

ఇందులో ఎవరిది నిజమో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ రోజు సువార్త కట్టుకున్న చీర గుర్తుంది. ఇంటర్నీల నవ్వు గుర్తుంది. నేను వాడిన పెన్ను, ఫారం మీది పాత పేషెంటు పేరు, మెషీన్ అరుపు అన్నీ గుర్తున్నాయి. ‘ప్రతిసారీ’ అన్న ఒక్క మాట అన్నానో లేదో మాత్రం గుర్తు లేదు. అని ఉంటే గుర్తుండేదనే నా అనుమానం. కాంతమ్మ గారు అడిగిన దానికి నేనిచ్చిన జవాబు మాత్రం బాగా గుర్తుంది. అదే గ్రేసీ అన్నాను. ఆ గడిని గ్రేసీకి రాసిచ్చింది నేనే.

ఆ తరవాత రెండు నెలలు, శాంపిల్ ఇవ్వడానికి వచ్చిన తల్లిదండ్రుల్ని ఒక్కొక్కరినీ నిలబెట్టి ఒకే ప్రశ్న అడిగాను. మీకు ఒక బిడ్డ ఇలా పుట్టాడు కదా, తరవాతి బిడ్డ సంగతేమిటి? పొత్తిళ్ళలో బిడ్డతో వచ్చిన వాళ్ళనీ అడిగాను, దుకాణదార్లనీ అడిగాను, గుమాస్తాల్నీ అడిగాను. గాంధీ నగర్‌లో బట్టల కొట్టు ఉన్న ఒక సర్దార్జీ నన్ను పోస్టరు దగ్గరికి లాక్కెళ్ళి, ఎర్ర బొమ్మ మీద వేలు పెట్టి, “యే వాలా తో హో గయా జీ. అబ్ తీన్ ఠీక్ వాలే బచే” అన్నాడు. ఇది అయిపోయింది, ఇక మిగిలింది మంచివి మూడే అని. ఎంతో ధైర్యంగా చెప్పాడు. ఆయన భార్యకి అయిదో నెల. మాయ ముక్క పరీక్షకి గడువు దాటిపోయింది, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి చేసే ఉమ్మనీటి పరీక్షకి కూడా దాటిపోవస్తోంది. అప్పటికప్పుడు వాళ్ళని ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాను. ఏం తేలిందో మళ్ళీ వచ్చి చెప్పలేదు.

డిపార్టుమెంటు హెడ్‌కి రాతపూర్వకంగా నోట్ పెట్టాను. టెక్నీషియన్ నేరుగా హెడ్‌కి రాయకూడదు. సూపర్‌వైజర్ ద్వారా, ఇన్‌చార్జి ద్వారా పైకి వెళ్ళాలి. అలాగే పంపాను. మూడు సంగతులు రాశాను: కౌన్సెలర్‌ని వెయ్యండి, పోస్టరు తీసెయ్యండి, పరీక్ష రాసే చీటీ మీద ‘ప్రతి గర్భానికీ’ అన్న మాట ముద్ర కొట్టించండి. అయిదు వారాలకి జవాబు వచ్చింది. సాంకేతిక సిబ్బంది రోగులకు సలహాలివ్వడం నిబంధనలకు విరుద్ధమనీ, ఇకముందు ఇలా జరిగితే చర్య ఉంటుందనీ నాకే ఒక మెమో. వెళ్ళి సీనియర్ రెసిడెంట్‌ని అడిగితే, “పోస్టర్ ఊపర్ సే ఆయా హై, రావ్‌జీ. ఆప్ మెషీన్ దేఖియే” అన్నాడు. పైనుంచి వచ్చింది, నువ్వు నీ మెషీన్ చూసుకో అని. డిగ్రీ లేదని నన్ను నోరు మూసుకోమన్నారు. డిగ్రీలున్న వాళ్ళు నోరు తెరవలేదు.

ఒక శనివారం డ్యూటీ అయ్యాక పోస్టరు నేనే పీకేశాను. వారం తిరక్కుండా అదే పోస్టరు మళ్ళీ వచ్చింది, ఈసారి లామినేషన్ చేయించి, నాలుగు మూలలా స్క్రూలు బిగించి. అప్పుడు దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో ‘హర్ బార్ నయే సిరే సే’ అని రాశాను, ప్రతిసారీ కొత్తగా అని. లామినేషన్ కదా, హౌస్‌కీపింగ్ వాళ్ళు తడిగుడ్డతో తుడిచేశారు. మళ్ళీ రాశాను. మళ్ళీ తుడిచారు. వాళ్ళ తప్పేమీ లేదు, గోడలు శుభ్రంగా ఉంచమని వాళ్ళకి ఆర్డరు.

సువార్త ఆ ఏడాదే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. ఇంట్లో చెప్పకుండా చేయించుకుందని తరవాత రత్నరాజే చెప్పాడు. కాంతమ్మ గారు కొన్నాళ్ళు కోడలితో మాట్లాడలేదట. నాతో కూడా మాట్లాడలేదు. కిటికీ దగ్గరికి వచ్చి, చీటీ పెట్టి, పక్కకి జరిగి నిలబడేది. అన్నయ్య గారూ అన్న పిలుపు మళ్ళీ వినలేదు.

2008 మార్చిలో నేను రిటైరయ్యే నాటికి ఇద్దరు పిల్లలూ ఒకే రోజున రక్తానికి వచ్చేవాళ్ళు. అమ్మకి సెలవు ఒక్కరోజే దొరుకుతుంది కనక. గ్రేసీకి ఏడో ఏడు. చెంప ఎముకలు ఉబ్బి, పళ్ళు ముందుకొచ్చి, ఆ రోగపు ముఖం అప్పటికే వచ్చేసింది. శామ్యూల్‌కి అప్పుడే ప్లీహం పెరిగి పొట్ట ఎత్తుగా ఉండేది, దాతల రక్తం కూడా ఒక పట్టాన పొసగేది కాదు. సర్వీసులో నా ఆఖరి వారం అది. గ్రేసీ చెయ్యి చాపలేదు. తమ్ముణ్ణి ముందుకు తోసి, “పహ్‌లే ఇస్‌కా కర్ దో అంకుల్, యే బాద్ మే బహుత్ రోతా హై” అంది. ముందు వీడిది కానిచ్చెయ్యి, ఆగితే బాగా ఏడుస్తాడు అని. ముందు వాడిది కానిచ్చాను.

ఆ ఇద్దరూ ఇప్పుడు ఎలా ఉన్నారో నాకు తెలియదు. కుటుంబం గుంటూరుకి వెళ్ళిపోయిందని విన్నాను. కౌన్సెలర్ పోస్టు నేను రిటైరయ్యాక కూడా చాలాకాలం ఖాళీగానే ఉందని పాత సహోద్యోగులు చెప్పారు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి ఉపయోగపడుతుందని చివరి రెండేళ్ళూ నేను పాటించిన పద్ధతి రాస్తున్నాను. దానివల్ల ఎందరికి మేలు జరిగిందో చెప్పలేను, కొందరు పరీక్షకి వెళ్ళారు, కొందరు అప్పటికీ వెళ్ళలేదు. తల్లిదండ్రులకి నాలుగు గళ్ళు గీసి చూపించకూడదు. ఒక్క బిడ్డని గీయాలి. ఆ ఒక్క బిడ్డ ఎలాగైనా పుట్టవచ్చని చెప్పాలి. చెప్పాక అర్థమైందా అని అడగకూడదు, అందరూ అయిందనే అంటారు. తరవాతి బిడ్డ సంగతేమిటో మీరే చెప్పండి అని వాళ్ళ నోటితో చెప్పించుకోవాలి. వాళ్ళు మళ్ళీ గర్భంతో వస్తే, పోయినసారి గీసిచ్చిన కాగితం అడిగి తీసుకుని, వాళ్ళ ఎదుటే చింపేసి, కొత్త కాగితం మీద మొదలుపెట్టాలి.